కిరీటం అద్దెకు దొరుకుతుంది

“సినిమాలో మొదటి సీను చూడండి. వేషం కంటపడగానే మనిషి ఎవరో తెలిసిపోతుంది. మన పిలకాయల ఆటా అట్లానే ఉండాల.” ఈ మాట మా తాయిల్పట్టి వైపు ఈమధ్య తరచుగా వినబడుతోంది. అనేవాళ్ళు చదువుకున్నవాళ్ళు, ఊరి మేలు కోరేవాళ్ళు, చందాల పుస్తకం చంకన పెట్టుకుని ఎండలో తిరిగేవాళ్ళు. వాళ్ళ మనసు మంచిదే. మాట మాత్రం తప్పు. మనసు మంచిది కదా అని మాటను వదిలేస్తే ఇంకో పదేళ్ళలో మన దేవరాట్టం మారువేషాల పోటీ అయి కూర్చుంటుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

సంగతేమంటే, ఈసారి గుడి పండక్కి పిలకాయలచేత దేవరాట్టం ఆడించాలని తీర్మానమైంది. సంతోషం. దానికి నాటకాల దుస్తులు అద్దెకిచ్చే చోటినుంచి పదహారు కట్టబొమ్మన్ వేషాలు తెప్పిస్తారట: జరీ కోటు, ఈక పెట్టిన తలపాగా, అట్టకత్తి, అతికించే మీసం. పాట పెన్‌డ్రైవులో ఉంటుందట. ఉరుమి మేళం మాత్రం వద్దట, ఉన్న డబ్బు దుస్తుల అద్దెకే సరిపోతుందట. ఉరుమి లేని దేవరాట్టం! ఇదేమిటయ్యా అంటే సినిమాను చూపిస్తున్నారు. సరే, సినిమాతోనే జవాబు చెబుతాను.

సాగర సంగమం మనలో చూడనివాళ్ళు తక్కువ. 1983లో కె. విశ్వనాథ్ తీసిన ఆ తెలుగు చిత్రాన్ని మనలో చాలామందిమి సలంగై ఒలి అనే పేరుతో తమిళం మాటలతో చూశాం. తెలుగువాళ్ళం తెలుగు సినిమాను డబ్బింగులో చూడడం ఈ గడ్డమీద వింత కాదు గనక ఆ బాధ ఇప్పుడు తవ్వుకోను. ఆ సినిమా మొదలు గుర్తు చేసుకోండి. వేదిక మీద శైలజ నాట్యం చేస్తోంది. నాట్యానికి కావలసిన అలంకారమంతా ఉంది, దేనికీ లోటు లేదు. ఆ నాట్యం చూసి విమర్శ రాయవలసినవాడు బాలు. నెరిసిన జుట్టు, తాగిన ఒళ్ళు. వేషాన్ని నమ్మేవాడు ఆ క్షణంలో ఏమనుకుంటాడు? ఆమె నర్తకి, ఇతను తాగుబోతు. మనం అట్లా అనుకోవాలనే దర్శకుడు వాళ్ళిద్దరినీ అట్లా నిలబెట్టాడు. తరువాత పత్రికలో అతని రాత, ఆమెకు కోపం, పత్రికాఫీసుకు వచ్చి నిలదీయడం. అప్పుడా తాగుబోతు ముఖాన రంగు లేకుండా, ఒంటిమీద ఒక్క నగ లేకుండా ఆ ఆఫీసులోనే ఒకే చరణాన్ని భరతనాట్యంలో ఒక తీరుగా, కథాకళిలో ఒక తీరుగా, కథక్‌లో ఇంకో తీరుగా చేసి చూపిస్తాడు. ఆఫీసు ఆఫీసంతా నిలబడిపోతుంది. మనమూ నిలబడిపోయాం.

వేషం చూడగానే మనిషి తెలిసిపోతాడన్నవాళ్ళను నేనడిగేది ఇదే. ఆ సినిమాలో వేషం చూసినప్పుడు మీకు ఎవరు తెలిశారు? ఇద్దరినీ తారుమారుగా పోల్చుకోలేదా? అలంకారం ఉన్నచోట ఆట లేదు, ఆట ఉన్నచోట అలంకారం లేదు. సినిమా అంతా ఈ ముడిమీదనే నడిచింది. ఆమె అలంకారం మనకు చెప్పింది ఆమె విద్య ఎంతో కాదు, తన విద్యను ఆమె ఎంత అనుకుంటోందో. అతని వాలకం చెప్పింది అతనికి ఏమి వచ్చో కాదు, అతను దేన్ని వదులుకున్నాడో. మనిషి ఎవరన్నది మాత్రం కాలు కదిపినాకనే తెలిసింది.

ఇక్కడ ఒక చిన్న మాట. బాలుగా చేసిన కమలహాసన్ మన పక్క పరమక్కుడిలో పుట్టినవాడు, హీరో కాకముందు నృత్య దర్శకుడు తంగప్పన్ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. ఆఫీసులో ఆ మూడు తీరులూ మారుస్తుంటే మనకు నమ్మకం కలిగిందంటే, అడుగు అద్దెకు తెచ్చింది కాదు గనక. వేషధారణ ఎంత గొప్పగా ఉన్నా ఆ చోట అది పనికివచ్చేది కాదు.

ఆ సినిమా మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. బాలు చూపిన మూడూ గుడిలోనో దర్బారులోనో పెరిగి, పట్నం సభలకెక్కిన శాస్త్రాలు. నేలమీద ఆడే ఆట ఒక్కటీ ఆ వరసలో లేదు. అంత విద్య వచ్చినవాడు ఒక్క ఉరుమి దెబ్బకు ఒక్క అడుగు వేసి ఉంటే ఏం పోయేది? విశ్వనాథ్‌గారి మీద గౌరవంతోనే అంటున్నాను. తెలుగువాడి నాట్యమంటే కూచిపూడి దగ్గర మొదలై అక్కడే ముగుస్తుందనే అలవాటు మన పెద్ద పెద్దవాళ్ళకూ ఉంది.

కూచిపూడి మాట వచ్చింది కాబట్టి, పాత్ర మొదటిసారి కనబడే పద్ధతి సినిమావాళ్ళు కనిపెట్టింది కాదని కూడా చెప్పాలి. భామాకలాపంలో సత్యభామ రావడం చూసినవాళ్ళకు ఇది తెలుసు. అడ్డంగా పట్టిన తెర, తెరమీదుగా ఇవతలికి వేసిన జడ. ముఖం కనబడదు. ఆ జడ ఒక పందెం. నాతో సమానంగా ఆడగలవాడు ఉంటే వచ్చి దీన్ని పట్టుకోండి అని సవాలు. ఆ తరువాత ప్రవేశదరువు, తన పేరు తానే చెప్పుకుంటూ తన నడక తానే చూపిస్తూ రావడం. జడ అలంకారమే, కాదనను. అయితే దాని వెనక దరువు ఉంది, దరువులో తెలుగు ఉంది, ఓడితే జడ కోయించుకోవలసిన వృత్తి పంతం ఉంది. వేదాంతం సత్యనారాయణ శర్మ మగవాడై ఉండి సత్యభామగా దేశమంతా మెప్పించాడంటే చీర కట్టినందుకా? చీర ఎవరైనా కడతారు.

అంత దూరం పోనక్కరలేదు, మన తమిళనాడులోనే తంజావూరు పక్క మెలట్టూరులో భాగవతమేళం ఉంది. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలు నరసింహజయంతి రోజుల్లో ఇప్పటికీ తెలుగులోనే ఆడుతున్నారు. చూసేవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. అక్కడ ముందు వచ్చేది కోణంగి. అతని వెనక గణపతి ముఖం పెట్టుకున్న పిల్లవాడు. ఆ తరువాతనే కథలోని పాత్రలు ఒక్కటొక్కటిగా తమ తమ దరువులతో రావాలి. వచ్చినవాడు రాజా బంటా అన్నది కిరీటం ఎత్తునుబట్టి కాదు, దరువు నడకనుబట్టి తెలుస్తుంది. తెలుగు బడి లేని ఊళ్ళో తెలుగు నాటకం ఇన్ని తరాలు నిలిచిందంటే వాళ్ళు మాటనూ అడుగునూ విడదీయలేదు గనకనే.

పాత శాస్త్రం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగుగా చెప్పింది. ఆహార్యమంటే బట్టా నగా రంగూ. నాలుగింటిలో డబ్బుపెట్టి కొనగలిగింది అదొక్కటే. మా వైపు పెద్దలు మిగిలిన మూడింటినీ వదిలి సరిగ్గా దాన్నే పట్టుకున్నారు.

ఇక కట్టబొమ్మన్ దగ్గరికి వస్తాను. అసలు చిక్కు అక్కడ ఉంది.

1959లో బి.ఆర్. పంతులు తీసిన వీరపాండియ కట్టబొమ్మన్ మా ఊళ్ళలో సినిమా కాదు, పురాణం. అగ్గిపెట్టెల ఆఫీసులో పుల్లలు అడికే చేతులు కూడా శివాజీ గణేశన్ మాటలు రేడియోలో వస్తే ఆగేవి. ఆ నటనకు 1960లో కైరోలో ఆఫ్రో ఆసియా చిత్రోత్సవం ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చింది. ఇవ్వవలసిందే. నేను శివాజీని తప్పుపట్టడం లేదు. ఆ గొంతు విని పౌరుషం రానివాడికి ఇంకెందుకూ రాదు. నేనడిగేది వేరే. ఆ సినిమా మనకిచ్చిన కట్టబొమ్మన్ ఎవరు?

పాంచాలంకురిచ్చి పాళెగాడు రాజకంబళం నాయకర్ల బిడ్డ. ఇంట్లో తెలుగు. కొలిచే దేవత జక్కమ్మ. గెట్టిబొమ్ము అన్న తెలుగు పేరే నోళ్ళలో నలిగి కట్టబొమ్మన్ అయిందని పెద్దలు చెబుతారు. 1798 సెప్టెంబరులో రామనాథపురంలో కలెక్టరు జాక్సన్ ఎదుట నిలబడ్డవాడూ, 1799 అక్టోబరు 16న కయత్తారులో మేజర్ బానర్మన్ ఉరితీసినవాడూ ఆ మనిషే. కోవిల్పట్టినుంచి తిరునల్వేలి బస్సెక్కితే దారిలో కయత్తారు వస్తుంది. అక్కడ ఉన్న విగ్రహం చూడండి. ఆ చోటు కొని విగ్రహం పెట్టించింది శివాజీగారే. ఆయన భక్తిని శంకించేవాడెవడూ లేడు. అయితే ఆ విగ్రహం ముందు నిలబడి పిలకాయలు “శివాజీ, శివాజీ” అంటారు. చచ్చినవాడి ముఖం పోయి ఆడినవాడి ముఖం మిగిలింది. ఇదీ వేషానికున్న బలం.

సినిమా అతనికి కోటు ఇచ్చింది, కిరీటమంత తలపాగా ఇచ్చింది, మహావాక్యాలు ఇచ్చింది. అతని ఇంటి మాట మాత్రం ఇవ్వలేదు. మా.పొ. శివజ్ఞానంగారు కట్టబొమ్మన్ చరిత్ర రాసి అతన్ని తమిళ వీరుడిగా నిలబెట్టారు. మదరాసు పట్నం ఆంధ్రకు పోగూడదని, తిరుత్తణి తమిళనాడుకు రావాలని పోరాడింది కూడా ఆయనే. తెలుగు మాట్లాడే పాళెగాణ్ణి ఆయన గుండెకు హత్తుకోవడంలో ఎంత ప్రేమ ఉందో అంత ఏమరపాటూ ఉంది. మనకు ఆ ప్రేమ కావాలి. ఏమరపాటే వద్దు. ఇందులో ఇంకో విచిత్రం. అదే సినిమా అదే ఏడు వీరపాండ్య కట్టబ్రహ్మన అనే పేరుతో డబ్బింగు అయి ఆంధ్రకు వెళ్ళింది. బతికినన్నాళ్ళూ ఇంట్లో తెలుగు మాట్లాడిన మనిషి తెరమీద తెలుగు మాట్లాడడానికి డబ్బింగు కావలసివచ్చింది. అక్కడివాళ్ళకేమో అది అరవ సినిమా. పాంచాలంకురిచ్చిలో ప్రభుత్వం 1974లో స్మారకంగా కోట కట్టింది. దానిలో తెలుగు అక్షరం కోసం నేను వెతకను. వెతికి ఎవరిమీదా కోపం తెచ్చుకోను. కానీ మన పిలకాయలకు మనమే ఆ జరీ కోటు తొడిగి “ఇదిగోరా, మీ తాత ఇట్లా ఉండేవాడు” అంటే, ఆ అబద్ధానికి బాధ్యులం మనమే అవుతాం.

దేవరాట్టం ఎట్లా ఉంటుందో చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, చూడనివాళ్ళకోసం చెబుతాను. తూత్తుకుడి జిల్లాలో జమీన్ కోడంగిపట్టి దీనికి పేరుపడిన ఊరు. పంచె, తలపాగా, కాళ్ళకు గజ్జెలు, రెండు చేతుల్లో రెండు చేతిగుడ్డలు. అంతే వేషం. పాట లేదు. ఉరుమి ఉంది. దాన్ని గౌరవంగా దేవదుందుభి అంటారు. ముందు నిలిచినవాడు ఒక అడుగు వేస్తాడు, వెనకవాళ్ళు దాన్ని అందుకుంటారు. ఉరుమి వేగం పెంచితే అడుగు మారుతుంది, గుడ్డలు గాలిలో ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా వాలతాయి. ముందువాడు కొన్నిచోట్ల పెట్టుడు గడ్డమూ గవ్వలే పళ్ళుగా అమర్చిన ముఖమూ పెట్టుకుంటాడు. నాకు అతన్ని చూస్తే మెలట్టూరు కోణంగి గుర్తొస్తాడు. ఈ పోలిక నా సొంతం, పండితులు ఒప్పుకోనక్కరలేదు. ఒక సంగతి గమనించండి. మొత్తం ఆటలో వేషమని చెప్పదగ్గ వేషం అతనొక్కడిదే, అది కూడా గొప్పకు పెట్టింది కాదు, నవ్వుకూ భయానికీ మధ్య ఎక్కడో ఉండేది. మిగిలినవాళ్ళంతా పంచెకట్టిన రైతులు. గుడ్డ విసిరే చెయ్యి, నేల తాకే మడమ, వాళ్ళు ఎవరో అవే చెబుతాయి. విశ్వనాథ్ ఆఫీసు సీనులో చేసిన పని మన తాతలు కళ్ళాలలో ఎప్పుడో చేశారు.

పాట లేని ఆటకు పెన్‌డ్రైవులో పాట పెడతారట! పాట అడుగును తనవెంట లాక్కుపోతుంది. ఉరుమి అట్లా కాదు, అది అడుగును చూస్తుంది. ఆడేవాడు అలిసితే వాయించేవాడు గమనిస్తాడు, ఆడేవాడు రెచ్చిపోతే వాయించేవాడు ఇంకొంచెం రెచ్చగొడతాడు. పెన్‌డ్రైవుకు కళ్ళు లేవు. అనంతపురం జిల్లాలో ఇప్పటికీ ఉరుములవాళ్ళున్నారు, అక్కడా ఆ వాద్యం పేరు ఉరుమే. తమిళంలోనూ ఆ మాట ఉంది, కాదనను. రెండు భాషలకూ ఒకే మేఘం ఉరిమింది. అంత పాత వాద్యాన్ని అద్దె కోటుకోసం గుడి బయట నిలబెడతామా?

దేవరాట్టం గురించి రాసిన పుస్తకాలూ కరపత్రాలూ చూస్తే ఇంకో రకం వేషం కనబడుతుంది. తొల్కాప్పియంలో చెప్పిన మున్‌తేర్ కురవై, పిన్‌తేర్ కురవై అనే రథం ముందరి ఆట, రథం వెనకటి ఆట కలిసి దేవరాట్టమైందని తరచుగా రాస్తారు. కావచ్చు, కాకపోవచ్చు. పాత ఆటలన్నిటికీ పాత చుట్టాలుంటాయి. నా బాధ అది కాదు. ఆ రాతల్లో చాలా వాటిలో కట్టబొమ్మన్ వంశస్థులు అని ఉంటుంది, తెలుగు మాట్లాడేవాళ్ళు అన్న ఒక్క మాట ఉండదు. 2019 మే 1న దేవరాట్టం పేరుతోనే ఒక తమిళ సినిమా వచ్చింది. ముత్తయ్య దర్శకుడు, గౌతం కార్తిక్ హీరో. కథ మదురై వైపు ఒక లాయరుదీ అతని అక్కలదీ. మన ఆటకూ దానికీ పేరే చుట్టరికం. తమిళ లిపిలో దకారానికీ తకారానికీ అక్షరం ఒకటే. దేవర్ అని చదివితే దేవతలు, తేవర్ అని చదివితే ఒక కులం. ఆ పేరు చూసి జనం ఏది చదువుకున్నారో మీకూ తెలుసు. సినిమా వచ్చినాక ఒక బడిపిల్లవాడు నన్నడిగాడు, “మామా, దేవరాట్టమంటే తేవర్ల ఆటా?” అని. వాడు కంబళం ఇంటి పిల్లవాడు. వాళ్ళ తాత ఆ ఆట ఆడినవాడు. ఇంతకన్నా నేనేమి చెప్పాలి.

ఇది కులం గొడవ కాదు. నేను ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి కాను. ఒకప్పుడు ఆ ఒక్క కులంవాళ్ళే ఆడిన ఆటను ఇవాళ బడుల్లో అందరి పిల్లలూ, ఆడపిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. మంచిదే జరిగింది. ఇంకా జరగాలి. తమిళ పిల్లవాడు దేవరాట్టం ఆడితే నాకు గర్వం. అయితే ఆట నేర్పిన పెద్దాయన ఏ భాషలో గద్దించేవాడో వాడికి తెలియాలని మాత్రం నా కోరిక. నేను చూసిన ఒక చోట ఒక ముసలాయన పిలకాయలను వరసలో నిలబెట్టి, “మడమ నేలకు తగలనీరా, భూమికేం నొప్పి పుట్టదులే” అంటున్నాడు. ఆ మాట జరీ కోటు జేబులో దొరకదు.

మన తెలుగు సంఘాలనూ ఇక్కడే అడగాలి. ఉగాదికి చెన్నైనుంచి కూచిపూడి గురువును పిలుస్తారు, దారి ఖర్చులు ఇస్తారు, శాలువా కప్పుతారు. దేవరాట్టాన్ని భోజనాలకు ముందు పదినిమిషాల సందులో పెట్టి, అది కూడా ఆలస్యమైతే ఎత్తేస్తారు. కూచిపూడి మన సొత్తే, ఆ గురువుకు శాలువా కప్పవలసిందే. కానీ ఈ నల్లరేగడిలో పుట్టి పెరిగిన తెలుగు ఆట ఇది. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గోపల్లగ్రామం రాసి మన వలస కథను తమిళంలో చెబితే, దాని తరువాతి నవల గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. మన కథ తమిళులకు వినబడింది. మన ఆట మన సంఘాలకే కనబడకపోతే ఎవరిని అడగాలి?

“కాలం మారింది మామా, పంచెకట్టుకుని ఆడమంటే పిలకాయలు సిగ్గుపడతారు, తళతళమంటేనే వస్తారు” అంటారు. ఇది నిజంగా ఆలోచించవలసిన మాటే. పటాసుల పనికి పోయి ఒళ్ళు అలిసి వచ్చిన తల్లిదండ్రులు తమ బిడ్డ అందంగా కనబడాలని కోరుకోవడం తప్పు కాదు, ఫోటో తీసి చుట్టాలకు పంపుకోవడమూ తప్పు కాదు. తళతళ కావాలంటే చేతిగుడ్డలకు రంగు వేయండి. ఎర్రవి, పచ్చవి, మీ ఇష్టం. తలపాగా మంచిది కట్టండి. గజ్జెలు కొత్తవి కొనండి. అట్టకత్తి మాత్రం వద్దు. కత్తి పట్టిన చేతికి గుడ్డ విసరడం రాదు. అతికించిన మీసం ఊడుతుందేమోనన్న భయంతో ముఖం బిగబట్టుకున్న పిల్లవాడు ఆడగలడా?

ఇంకో మాట కూడా వినబడింది. మైకులో తెలుగు మాట వస్తే ఊళ్ళో ఎవరేమనుకుంటారో అని. మా ఊళ్ళో తమిళులూ తెలుగువాళ్ళూ ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటారు, ఒకే షెడ్డులో మందు గట్టిస్తారు, పేలుడు జరిగితే ఒకే ఆస్పత్రి వరండాలో కూర్చుంటారు. అట్లాంటి పొరుగువాడు రెండు నిముషాల తెలుగుకు నొచ్చుకుంటాడని అనుకోవడం అతన్ని అవమానించడమే. ముందు తెలుగులో, వెంటనే తమిళంలో, ఆట పేరూ అది వచ్చిన ఇళ్ళ పేరూ చెప్పండి. చాలు.

దుస్తుల అద్దె, రవాణా, మీసాల జిగురుతో సహా లెక్క వేసి చూశాను. ఆ సొమ్ముతో ఉరుమి మేళం రెండు రాత్రులు వస్తుంది, వాయించేవాళ్ళకు భోజనం కూడా పెట్టవచ్చు. ఆ కాగితం నా దగ్గర ఉంది, ఎవరడిగినా చూపిస్తాను. పదహారుమంది పిలకాయలకు పదహారు నూలు పంచెలు, ముప్ఫైరెండు చేతిగుడ్డలు సాత్తూరు సంతలో నేను కొనిస్తాను. కొలతలు వచ్చే శుక్రవారంలోగా చెప్పండి.